తెల్లబట్ట ఎక్కువగా అవుతుంటే సరైన పరీక్ష ఎలా చేయించుకోవాలి?

"మెడికల్ షాపుల ఇచ్చిన ట్యూబు రెండుసార్లు వాడిన అక్కా, తగ్గుతలేదు." వరంగల్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే నాకు ఈ మాట చాలాసార్లు వినపడుతుంది. ఆ ట్యూబు తరచుగా ఫంగస్‌కు వాడేది, ఉన్నదేమో బ్యాక్టీరియా సమస్య. అట్లయితే ఎట్లా తగ్గుతుంది?

ముందుగా ఏమవుతోందో గమనించండి. పలుచగా, బూడిద తెలుపులో అవుతూ చేపల వాసన వస్తుంటే బ్యాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరగడం) కావచ్చు. పెరుగు తరకల్లా ఉండి బాగా దురద పెడితే ఫంగస్, పచ్చగా నురగతో ఉంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. కానీ ఒక్కోసారి రెండు కలిసి కూడా ఉంటాయి, అందుకే చూపుతో తేల్చలేం.

వజైనోసిస్ శుభ్రత లేక వచ్చే జబ్బు కాదు, సిగ్గుపడొద్దు. యోనిలో లాక్టోబాసిలస్ అనే మంచి బ్యాక్టీరియా ఆమ్లాన్ని తయారుచేసి కాపాడుతుంది. అది తగ్గితే గార్డ్‌నరెల్లా, ప్రివొటెల్లా వంటి వేరే బ్యాక్టీరియాలు పెరిగిపోతాయి. సబ్బుతో లోపల కడిగితే ఉన్న రక్షణ కూడా పోతుంది.

పరీక్షకు ముందు రెండు రోజులు క్రీములు వాడొద్దు, లోపల కడగొద్దు, కలయికకు దూరంగా ఉండండి. నెలసరి అయిపోయాక వెళ్లడం మంచిది. అయితే కడుపుతో ఉన్నా, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉన్నా ఆగకుండా వెళ్లండి. వరంగల్‌లో సీకేఎం ఆసుపత్రి, హన్మకొండలో ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. పెళ్లి కాకపోతే ఆ సంగతి డాక్టరమ్మకు ముందే చెప్పండి.

అక్కడ "స్వాబ్ పరీక్ష రాస్తారా మేడమ్?" అని అడగండి. దూదిపుల్లతో నమూనా తీయడానికి నిమిషం కూడా పట్టదు. పీహెచ్ (ఆమ్లం ఎంత ఉందో చెప్పే కొలత, ఆమ్లం తగ్గితే ఇది పెరుగుతుంది) 4.5 దాటిందా చూస్తాం. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే చేపల వాసన వస్తుందా చూస్తాం. తర్వాత మైక్రోస్కోప్ కింద స్లైడ్ పెడతాం. వజైనోసిస్ ఉంటే, సకినానికి నువ్వులు అంటుకున్నట్టు యోని కణం అంచు కనపడకుండా బ్యాక్టీరియా పట్టి ఉంటుంది. వాటినే క్లూ సెల్స్ అంటాం. తెల్లబట్ట తీరుతో కలిపి ఈ నాలుగింటిలో మూడు ఉంటే వజైనోసిస్ అని 1983 నాటి ఆమ్‌సెల్ పద్ధతి చెబుతుంది. స్లైడ్‌లో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో చూసి లెక్కించే, 1991లో వచ్చిన నుజెంట్ స్కోరులో 7 నుంచి 10 వస్తే కూడా అదే అర్థం. కల్చర్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) రిపోర్టులో గార్డ్‌నరెల్లా అని ఉన్నంత మాత్రాన టెన్షన్ పడొద్దు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ అది ఉంటుంది.

డాక్టర్ మెట్రొనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే, వాసన పోయిందని మధ్యలో ఆపకుండా కోర్సు పూర్తి చేయండి. మళ్లీ మళ్లీ వస్తుంటే మీ ఆయనను కూడా వెంట తీసుకెళ్లండి. 2025లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో భాగస్వామికీ మందు ఇచ్చినప్పుడు 12 వారాల్లో 35 శాతం మందికే తిరగబెట్టింది, ఇవ్వనప్పుడు 63 శాతం మందికి. రెండోసారి వెళ్లేటప్పుడు పాత రిపోర్టు, వాడిన మందుల ఖాళీ స్ట్రిప్పులు సంచిలో వేసుకోండి.