ఇరుగుపొరుగు తమిళం – 14వ పాఠం: ఒదుంగు, ఒదుక్కు

చిత్తూరులో వేలూరు బస్సెక్కిన వాళ్లకు ఈ మాట కొత్త కాదు: "కొంజం ఒదుంగి నిల్లుంగ." కాస్త పక్కకు జరిగి నిలబడండి అని.

పోయిన పాఠంలో ఇరంగు (దిగు), ఇరక్కు (దించు) చూశాం. ఇదీ అదే వరస. 'ంగు' ఉంటే తనంతట తాను చేసేది, 'క్కు' ఉంటే ఇంకొకరిని చేసేది.

అవన్ ఒదుంగిట్టాన్ – వాడే తప్పుకున్నాడు.
అవన ఒదుక్కిట్టాంగ – వాణ్ణి దూరం పెట్టేశారు.

రెండో వాక్యంలో 'అవన' అంటే 'వాణ్ణి'. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 'నేను తప్పుకున్నా' అనబోయి "నాన్ ఒదుక్కిట్టేన్" అంటారు. వినేవాళ్లు "యార?" (ఎవరిని?) అని అడుగుతారు. 'క్కు' పలికితే కర్మ చెప్పి తీరాలి. ఇంకొకటి, 'ఒదుక్కు' చివరి ఉకారానికి పెదవులు గుండ్రంగా చుట్టకండి. సగం మింగినట్టు వదిలేయాలి.

ఊరి నుంచి వెలివేయడానికి వాడే మాట: "ఊర విట్టు ఒదుక్కి వచ్చిట్టాంగ." ఇందులో 'వచ్చి' మన 'వచ్చి' కాదు. 'వై' (పెట్టు) అనే క్రియకు వాడుక రూపం. 'వాళ్లు వచ్చారు' అని అర్థం చేసుకుంటే వాక్యమంతా తారుమారవుతుంది. ఒక మనిషికి జరిగిన అన్యాయాన్ని చెప్పే వాక్యమిది, పొరపాటు పడకూడదు.

మన 'ఒదుగు'తో దీన్ని కలిపేయకండి. మూలన ఒదిగి కూర్చున్నవాడు మనతోనే ఉన్నట్టు. "ఎల్లార విట్టు ఒదుంగిట్టాన్" అంటే అందరితో పొత్తు వదులుకున్నాడని. వానకు ఎక్కడైనా తలదాచుకోవడమూ ఒదుంగడమే: "మళైక్కు ఒదుంగినోం." పల్లెల్లో బహిర్భూమికి వెళ్లడాన్ని కూడా మర్యాదగా ఇలాగే అంటారు.

పేపర్లో 'నిది ఒదుక్కీడు' కనిపిస్తే నిధుల కేటాయింపు, 'ఇడ ఒదుక్కీడు' అయితే రిజర్వేషన్. వెలి అనే అర్థం వీటికి అంటదు. విడిగా తీసి ఉంచడం వరకే.

అభ్యాసం. తమిళంలో చెప్పండి: (1) వాణ్ణి దూరం పెట్టకండి. (2) ఆయన రాజకీయాల నుంచి తప్పుకున్నారు.

జవాబులు: (1) అవన ఒదుక్కాదీంగ. (2) అవర్ అరసియల విట్టు ఒదుంగిట్టార్.