ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: మన పిల్లలకు ఆన్‌లైన్ పాఠం రాయడం ఎలా

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ... ఎటు చూసినా తెలుగు మాట్లాడే ఇళ్లకు కొదవ లేదు. పిల్లలు ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, తెలుగు అక్షరం చూపిస్తే మాత్రం దిక్కులు చూస్తారు. వీళ్లకు ఫోన్లో తెలుగు చదవడం నేర్పుదామని ముందుకొచ్చేవాళ్లు పెరుగుతున్నారు, మంచిదే. కానీ అందరూ పట్టుకునేది ఒకటే దారి: అ ఆ లతో మొదలుపెట్టి అక్షరానికో వీడియో చొప్పున ఱ దాకా తీసుకుంటూ పోవడం. ఋ ౠ లు వచ్చేసరికి పిల్లాడు బ్యాటు పట్టుకుని బయటికి పోతాడు. తప్పు వాడిది కాదు, ఆ అక్షరంతో వాడికి పనేమిటో ఎవరూ చెప్పలేదు.

అందుకే మొదట రాయాల్సింది పాఠం కాదు, చివరి పరీక్ష. కోర్సు అయిపోయాక పిల్లాడు ఏం చేసి చూపించాలి? "తెలుగు లిపిపై అవగాహన కలిగి ఉండాలి" అని రాస్తే ఆ అవగాహన కలిగిందో లేదో దేవుడికే తెలియాలి. లక్ష్యం రాసేటప్పుడు నేర్చుకున్నవాడు ఏం చేస్తాడు, ఏ పరిస్థితిలో చేస్తాడు, ఎంత బాగా చేస్తే చాలు అనే మూడూ ఉండాలని అమెరికాలో రాబర్ట్ మేగర్ 1962లోనే చెప్పాడు. మన పిల్లలకు నేనైతే ఇలా రాస్తాను: "ఇచ్ఛాపురం ఆర్టీసీ బస్టాండులో నిలబడి, వచ్చిన బస్సు బోర్డు చూసి, ఎవర్నీ అడక్కుండా, బస్సు కదిలేలోపు ఊరి పేరు చదవాలి." అంతే. పర్లాకిమిడి పిల్లలకైతే మహేంద్రతనయ నది దాటగానే ఆంధ్రలోని పాతపట్నం ఉంది కాబట్టి అక్కడి బోర్డులు తీసుకోండి. పెళ్లి శుభలేఖ చదవడమో, అమ్మమ్మ పంపిన వాట్సాప్ మెసేజ్ చదవడమో పెట్టుకున్నా ఫర్వాలేదు, ఏదో ఒక్కటి పెట్టుకోండి.

పరీక్ష ఖాయమైందంటే పాఠాల వరస దానంతటదే వచ్చేస్తుంది. అక్షరమాల వరస పిల్లాడికి కొత్త కాదు, క ఖ గ ఘ ఒడియాలోనూ అదే వరసలో ఉంటాయి, దాన్ని మళ్లీ నేర్పి టైము పాడుచేయకండి. బోర్డుల మీదికి వెళ్దాం. మొదటి పాఠం పలాస: మూడు అక్షరాలు, ఒక దీర్ఘం, మొదటి రోజే వాడు ఒక బోర్డు చదివేశాడు. రెండోది మందస: స తెలిసిందే, మ, ద, సున్న కొత్తవి. మూడోది కవిటి: ఇక్కడ గుడి వస్తుంది, వ మీది తలకట్టు పోయి ఆ చోట గుడి కూర్చోవడం చూపించాలి. కంచిలిలో కొత్తగా వచ్చేది చ ఒక్కటే, మిగతాదంతా పాతదే, అది ఊపిరి తీసుకునే పాఠం. ఆ తర్వాత సోంపేట, అక్కడ ఓత్వం, ఏత్వం రెండూ ఒకేసారి మీద పడతాయి కాబట్టి దాన్ని రెండు ముక్కలు చేయండి. టెక్కలిలో మొదటి వత్తు. శ్రీకాకుళం అన్నిటికంటే చివర. ఙ, ఞ, ౠ ఈ దారిలో ఎక్కడా తగలవు, తగిలిన రోజు చూసుకుందాం.

ఇక అసలు పని: పిల్లాడు ఎక్కడ బోల్తా పడతాడో ముందే కనిపెట్టడం. సామాన్యంగా పాఠం రాసేవాళ్లు తమకు తెలిసింది రాస్తారు, చదివేవాడి బుర్రలో అప్పటికే ఏముందో చూడరు. ఒడియా లిపి వచ్చిన పిల్లాడి సంగతి వేరు, ఏమీ రాని పిల్లాడి సంగతి వేరు. ఒడియాలో ఠ నిండు సున్నాలా గుండ్రంగా ఉంటుంది, అందుకని మందస చూపిస్తే వాడు "మఠదస" అనే అవకాశం ఉంది. ఒడియాలో ఏత్వం గుర్తు అక్షరానికి ఎడమ పక్కన వస్తుంది, మనకేమో నెత్తిన కూర్చుంటుంది, వాడి కన్ను ముందు పక్కకు పోతుంది. ఒడియాలో ఏ గుణింతమూ లేని అక్షరాన్ని కాస్త ఒ వైపు వంచి పలుకుతారు కాబట్టి పలాసను కూడబలుక్కుని చదివితే "పొలాసొ" అని రావచ్చు. అది పిల్లాడి మందబుద్ధి కాదు, బడిలో బాగా చదువుకుంటున్నాడని అర్థం. పాఠంలో ఆ మాట అనండి కూడా.

అన్నిటికంటే పెద్ద గొయ్యి ఎ, ఒ ల దగ్గర ఉంది. ఒడియా రాతలో పొట్టి ఎ, పొడుగు ఏ అని రెండు లేవు, ఒ ఓ లదీ అదే కథ. మనకున్న అదృష్టం ఏమిటంటే తేడా వాడి నోటికి పుట్టినప్పటి నుంచీ తెలుసు, కంటికే తెలియదు. మెడ, మేడ. నెల, నేల. దొర, దోర. "దోర జాంపండు" అనడంలో ఏ పిల్లాడూ పొరబడడు. కాబట్టి ఇక్కడ హ్రస్వం, దీర్ఘం అని వ్యాకరణం ఎత్తుకోకుండా ముందు మెడ బొమ్మ, మేడ బొమ్మ పక్కపక్కన పెట్టి వాడి చేతే పేర్లు చెప్పించండి. నోట్లో తేడా వినిపించాక, దానికి రాతలో గుర్తు ఇదీ అని ఆ చిన్న వంపు చూపించండి. టెక్కలి పాఠం నేనైతే ఇక్కణ్నుంచే మొదలుపెడతాను.

వీడియో పొడవు సంగతి తొందరగా తేల్చేద్దాం. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల సైటు కోర్సుల్లో 69 లక్షల సార్లు వీడియో చూసిన తీరును లెక్కగట్టి 2014లో ఒక పరిశీలన వచ్చింది. వీడియో ఎంత పొడవున్నా జనం చూసే సమయం మధ్యస్థంగా ఆరు నిమిషాలు దాటలేదు. అది కాలేజీ చదువుల మాట, మన పదేళ్ల పిల్లాడికి మూడు నిమిషాలే ఎక్కువ. పైగా గజపతి జిల్లా కొండ ఊళ్లలో సిగ్నల్ కోసం మేడెక్కాలి, ఫోను చాలా ఇళ్లలో ఒక్కటే ఉంటుంది, అది నాన్న చేతిలో ఉంటుంది, ఆ నాన్న పని మీద సూరత్‌లో ఉంటే పాఠం అమ్మ చిన్న ఫోన్లోకి రావాలి. అందుకే ప్రతి పాఠానికీ వీడియో ఒకటి, అదే పాఠం ఒక బొమ్మ, ఒక చిన్న ఆడియోగా ఇంకొకటి తయారుచేసి పెట్టుకోండి.

వీడియోలో ఇంకో జబ్బు ఉంది. తెర నిండా వాక్యాలు పెట్టి వాటినే పైకి చదవడం. కన్ను చదువుతుంది, చెవి వింటుంది, రెండూ ఒకే మాట మోసుకొచ్చి బుర్ర గుమ్మంలో కొట్టుకుంటాయి. కాలిఫోర్నియాలో రిచర్డ్ మేయర్ ఏళ్ల తరబడి దీని మీదే ప్రయోగాలు చేశాడు: బొమ్మ, మాట ఉంటే చాలు, అదే మాటను తెర మీద మళ్లీ అచ్చువేస్తే సాధారణంగా నేర్చుకోవడం తగ్గుతుంది. మన పాఠంలో తెర మీద ఉండాల్సింది బస్సు బోర్డు, అందులో ఇప్పుడు చెబుతున్న అక్షరం రంగు మారి ఉండాలి, వివరణంతా గొంతులోనే. మీ ముఖం మూలన అక్కర్లేదు, నన్నడిగితే.

ప్రశ్నల మీద మాత్రం వీడియో కంటే ఎక్కువ టైము పెట్టండి, నేర్చుకోవడం జరిగేది అక్కడే. తప్పు ఆప్షన్లు ఊరికే ఏవో నాలుగు పేర్లు పెట్టకుండా పైన చెప్పిన తప్పుల్లోంచే తయారుచేయాలి. బోర్డు మీద మందస అని ఉంది, మూడు ఆడియో బటన్లు: మందస, మఠదస, మదస. రెండోది నొక్కినవాడికి "తప్పు, మళ్లీ ప్రయత్నించండి" అని ఎర్ర అక్షరాల్లో వస్తే వాడికి తెలిసిందేమిటి? ఇలా రాయండి:

"ఆ గుండ్రటిదాన్ని ఠ అనుకున్నావు కదా, ఒడియాలో అయితే నువ్వు చెప్పిందే రైటు. తెలుగులో అది సున్న. ముందున్న మ తో కలిపి మం అను. ఇప్పుడు మొత్తం చదువు."

మూడోది నొక్కినవాడికి వేరే మాట: "మధ్యలో సున్న ఒకటి ఉంది, దాన్ని వదిలేశావు, మళ్లీ చూడు." ఒక్కో తప్పుకి ఒక్కో జవాబు రాయడం విసుగే, కాదనను, కానీ పక్కన మాస్టారు లేని చదువులో మాస్టారు పని చేసేది ఆ రెండు లైన్లే.

పాత బోర్డుల్ని మళ్లీ మళ్లీ లాగండి. కంచిలి పాఠం మొదట్లో పలాస, మందస బోర్డులు చూపించి చదివించాలి, వీడియో మళ్లీ చూపించడం కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో పాఠం మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, వారం తర్వాత చూస్తే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందుకొచ్చారు. పిల్లాడు "వచ్చేసింది, వచ్చేసింది" అంటాడు. నమ్మకండి, రెండు రోజులాగి అడగండి.

భాష విషయం. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉద్యోగం చేసిందీ, పుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగు ఉండాలని పోరాటం మొదలెట్టిందీ మన పర్లాకిమిడిలోనే, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసిందీ అక్కడే. ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి, 30న "విద్యార్థులు ఈ క్రింది దృశ్యమాలికను వీక్షించగలరు" అని రాసేవాళ్లను ఏమనాలో నాకు తెలీదు. "ఇది చూడు" అనండి. పిల్లాణ్ని నువ్వు అనండి, పెద్దవాళ్లకు పాఠమైతే మీరు అనండి, మధ్యలో మార్చకండి. గొంతు మన వైపుదే అయితే ఇంకా మంచిది, బరంపురం పిల్లలకు హైదరాబాద్ టీవీ తెలుగు కంటే అమ్మ "ఏటిరా" అనే తెలుగు దగ్గర. రాతలో మాత్రం బోర్డు మీద ఎలా ఉందో అలాగే ఉంచండి.

టైపు చేసేది యూనికోడ్‌లోనే ఉండాలి. డీటీపీ షాపులో పాత ఫాంట్లతో కొట్టించిన తెలుగు ఫోన్లోకి వచ్చేసరికి పిచ్చిగీతలవుతుంది. లైన్ల మధ్య జాగా కాస్త ఎక్కువ ఇవ్వకపోతే వత్తులు కింది లైనుకి తగులుకుంటాయి, టెక్కలిలో క కింద ఉన్న వత్తే కనబడకపోతే ఇక పాఠం ఎందుకు? అక్షరాలు పెద్దవిగా, చవక ఫోన్లో ఓసారి తెరిచి చూసి మరీ పంపండి.

అన్నీ సిద్ధం చేసుకున్నాక ఒకసారికి ఒక్క పిల్లాడికే ఇచ్చి పక్కన కూర్చోండి. మీ సొంత పిల్లాడు వద్దు, మొహమాటానికి అన్నీ బాగున్నాయంటాడు. పక్క వీధి పిల్ల అయితే మేలు. ఒక్క మాట సాయం చేయకండి, నోరు కట్టేసుకోవడం కష్టమే. ఎక్కడ ఆగిందో, ఎక్కడ వీడియో వెనక్కి లాగిందో, ఎక్కడ మీ మొహం చూసిందో కాగితం మీద రాసుకోండి. మీ మొహం చూసిన ప్రతిచోటా పాఠంలో ఒక వాక్యం తక్కువైందని అర్థం. ముగ్గురు పిల్లలు ఒకేచోట ఆగితే ఆ పాఠం తిరగరాయాలి, ఒక్కరే ఆగితే ఇంకొకరితో చూసి అప్పుడు ఆలోచించండి.

మహారాష్ట్రలో సిరొంచ, ధర్మాబాద్ వైపు తెలుగువాళ్లు ఇవే పాఠాలు వాడుకుంటామంటే, ఊళ్ల పేర్లు ఎలాగూ మార్చుకోవాలి, దానితోపాటు తప్పుల జాబితా కూడా మార్చాలి. మరాఠీ లిపిలో గుడి గుర్తు అక్షరానికి ముందు వస్తుంది కాబట్టి ఆ పిల్లలు తడబడేది ఏత్వం దగ్గర కాదు, గుడి దగ్గర. వాళ్లకు కవిటిలాంటి పేరు రెండు పాఠాలకు విడగొట్టాలి. పొట్టి ఎ, ఒ ల గొడవ మరాఠీ చదివే పిల్లలకూ ఉంది, మెడ మేడ పాఠాన్ని ముట్టుకోకుండా వాడుకోవచ్చు.