డ్రిల్ పీరియడ్ ఎలా నడపాలి? ఏ పిల్లా ఆటలో అరటిపండు కాకుండా

నలభై ఎనిమిది మంది పిల్లలు, ఒక వాలీబాల్, నలభై ఐదు నిమిషాలు. చాలా హైస్కూళ్లలో డ్రిల్ పీరియడ్ అంటే చేతిలో ఉండేది ఇంతే. బాల్ ఇచ్చేసి "ఆడుకోండిరా" అంటే ఏమవుతుందో గ్రౌండ్ పక్కన పది నిమిషాలు నిలబడి చూడండి. పన్నెండు మంది ఆడతారు. వాళ్లలోనూ ఐదారుగురి చేతుల్లోనే బంతి తిరుగుతుంది. మిగతా మగపిల్లలు వేపచెట్టు కింద చేరతారు. ఆడపిల్లల్లో సగం మంది మెట్ల మీద కూర్చుని కబుర్లలో పడతారు. ఆ పీరియడ్ ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే అందులో ఉండరు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేంతగా ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కండరాలకు, ఎముకలకు బలమిచ్చే పని వారానికి కనీసం మూడు రోజులు ఉండాలంటోంది. ట్యూషన్‌కీ సెల్‌ఫోన్‌కీ మధ్య ఎంతోమంది పిల్లలకు చెమట పట్టేది ఈ ఒక్క పీరియడ్‌లోనే. అందుకే ఏళ్లుగా పిల్లల్ని ఆడిస్తున్న నేను పీరియడ్‌ని ఒక్క లెక్కతోనే కొలుస్తాను: ఒక్కో పిల్ల ఎన్ని నిమిషాలు కదిలింది? ఎవరు గెలిచారన్నది ఆ తర్వాతి మాట.

గంట కొట్టక ముందే

ముందు గ్రౌండ్ అంతా ఒకసారి నడిచి రండి. గాజు పెంకులు, పల్లేరు కాయలు, నేలలోంచి పైకి తేలిన రాళ్లు, పాత ఖోఖో పోల్ పీకేసిన గుంట కనిపిస్తాయి. ఏరేసేవి ఏరేయండి, పూడ్చేవి పూడ్చండి. చెప్పులతో పరిగెత్తనివ్వకండి, కాలు మెలిక పడేది వాటితోనే. బూట్లు లేని పిల్లలకు శుభ్రంగా ఊడ్చిన నేల మీద ఉత్త కాళ్లే నయం.

సామాను లేదని ఆగిపోకండి. గుప్పెడు ముగ్గుపిండి ఉంటే గీతలు వస్తాయి. ఇసుక నింపిన నీళ్ల సీసాలు కోన్‌ల పని చేస్తాయి. పాత గుడ్డలు గట్టిగా చుట్టి తాడు బిగిస్తే బంతులు తయారు. పాత సైకిల్ టైర్లు నాలుగు అడిగితే ఏ రిపేర్ షాపులోనైనా ఇస్తారు.

టైమ్‌టేబుల్ వేసేటప్పుడే హెచ్‌ఎం గారితో మాట్లాడుకోండి. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే డ్రిల్ పీరియడ్ పెట్టకూడదు. అన్నం తిని పరిగెత్తిన పిల్లకు డొక్కలో పోటు వస్తుంది, ఒక్కోసారి వాంతి అవుతుంది. మార్చి, ఏప్రిల్ ఒంటిపూట బడుల్లోనైతే మొదటి రెండు పీరియడ్లలోనే పెట్టించుకోండి. "సిలబస్ అవ్వలేదు సార్, ఈ ఒక్క పీరియడ్ ఇవ్వండి" అని లెక్కల మాస్టారు అడిగినప్పుడు మర్యాదగానే కుదరదని చెప్పండి. ఒకసారి ఇచ్చారంటే పరీక్షల దాకా అది ఇక వాళ్లదే.

మొదటి ఐదు నిమిషాలు: అడగడం

లైన్లు కట్టించి "అటెన్షన్, స్టాండెటీజ్" చెప్పించడం మంచిదే. పిల్లలు క్లాసు మూడ్‌లోంచి బయటికి వస్తారు. కానీ ఆ ఐదు నిమిషాల్లో అసలు పని ముఖాలు చూడటం. జ్వరం వచ్చి తగ్గినవాళ్లెవరు, కాలికి దెబ్బ ఎవరికుంది, ఉబ్బసం ఉన్న పిల్ల ఇన్‌హేలర్ తెచ్చుకుందా, ఇవన్నీ అడగాలి. అన్నిటికన్నా ముందు: "పొద్దున ఏం తిన్నారు?"

ఈ ప్రశ్న నేర్చుకోవడానికి నాకు ఒక పిల్లాడు పడిపోవాల్సి వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆలస్యంగా వచ్చాడని తొమ్మిదో తరగతి పిల్లాడికి ఐదు రౌండ్లు చెప్పాను. నాలుగో రౌండ్ మలుపులో మోకాళ్ల మీద కూలబడ్డాడు. పెదవులు తెల్లగా పాలిపోయాయి, చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. నీడకి తెచ్చి, కాళ్లు ఎత్తి పెట్టి, కాస్త తేరుకున్నాక బెల్లం నీళ్లు తాగించాం. రాత్రి కూడా తినలేదని అప్పుడు చెప్పాడు. అమ్మ మిర్చి కోతకి పోతే తమ్ముణ్ణి తయారు చేసి బడికి తెచ్చేసరికి వాడికి ఆలస్యమైంది. ఆ రోజు తర్వాత పరుగుని నేను శిక్షగా ఎవరికీ వేయలేదు. గుంజీళ్లు కూడా అంతే. ఏ కసరత్తు శిక్షగా పడుతుందో, ఆ కసరత్తుని పిల్లలు జన్మలో ఇష్టంగా చేయరు.

"కడుపు నొప్పి సార్" అని ఆడపిల్ల చెబితే పదిమందిలో కారణం అడగకండి. కూర్చుంటావా, నడుస్తావా అని ఆ అమ్మాయినే నిర్ణయించుకోనివ్వండి. నెలసరిలో ఆడకూడదన్న నియమం ఏమీ లేదు, ఆడాలన్న బలవంతమూ ఉండకూడదు. లేడీ టీచర్ ఉంటే, అవసరమైతే ఎవరి దగ్గరికి వెళ్లాలో మొదటి వారంలోనే చెప్పేయండి.

వార్మప్: ఎనిమిది నిమిషాలు

నడక, మెల్లని పరుగు, మోకాళ్లు ఎత్తి పరుగు, చేతులు గుండ్రంగా తిప్పడం, అడ్డంగా గంతులు. కదులుతూ చేసేవే చేయించండి. వంగి కదలకుండా పట్టి ఉంచే స్ట్రెచ్‌లు చివరికి ఉంచుకోండి. నేల-బండ ఆటనో, కుంటుడు ఆటనో ఐదు నిమిషాలు ఆడిస్తే అదే వార్మప్ అయిపోతుంది. నవ్వులతో మొదలైన పీరియడ్ నడపడం తేలిక.

పన్నెండు నిమిషాల ఫిట్‌నెస్: ఆరు చోట్లు

లైన్‌లో నిలబెట్టి ఒక్కొక్కరి చేత చేయిస్తే నలభై ఎనిమిదో పిల్లకి వంతు వచ్చేసరికి గంట కొడతారు. అందుకని గ్రౌండ్‌ని ఆరు చోట్లుగా విడగొట్టండి, చోటుకి ఎనిమిది మంది. ఒక్కో చోట రెండు నిమిషాలు: 40 సెకన్లు చేయడం, 20 సెకన్లు ఆగడం, మళ్లీ 40 చేయడం, మిగతా 20లో పక్క చోటుకి పరుగు. ఒక విజిల్ అంటే ఆగాలి, రెండు విజిల్స్ అంటే మారాలి. మొదటి వారం గందరగోళంగా ఉంటుంది. రెండో వారానికి పిల్లలే నడిపేస్తారు.

నేను పెట్టేవి ఇవి: తాడాట, బస్కీలు, గోడకి చేతులు ఆనించి దండీలు, పది మీటర్ల దూరంలో పెట్టిన రాళ్లని ఒక్కొక్కటే పరుగున తెచ్చి టైర్‌లో వేయడం, మోచేతుల మీద ఒళ్లు తిన్నగా నిలిపి ఉంచే ప్లాంక్, ఒంటికాలి మీద నిలబడటం. చివరిది తేలిక అనుకుంటారు, కళ్లు మూసుకోమనండి చూద్దాం. లావుగా ఉన్న పిల్లలు గోడ దండీలు ఇరవై చేయగలరు. నేల మీద రెండు కూడా రాక సిగ్గుపడి మానేసినవాళ్లే వీళ్లు. లెక్క ఎవరిది వాళ్లే గుర్తుపెట్టుకుంటారు. పోయిన వారం నీకెన్ని, ఈ వారం ఎన్ని? పక్కవాడితో పోలిక వద్దు.

ఆట: పదిహేను నిమిషాలు

టీములు చేసేటప్పుడు ఇద్దరు కెప్టెన్లని పెట్టి ఎంచుకోమనకండి. ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంటే చివరికి మిగిలిన పిల్లని ఎప్పుడైనా చూశారా? బొటనవేలితో మట్టిలో గీత గీస్తూ తల దించుకుంటుంది. ఆమెని పిలిచే పని కూడా ఉండదు, "సరే, నువ్వు అటు రా" అంటారంతే. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు చెప్పించి విడగొట్టండి. లేదంటే పంటలు వేయించండి, మన పిల్లలకు అంతకన్నా న్యాయమైన పద్ధతి తెలియదు.

రెండో మాట ఇంకా ముఖ్యం. ఔటైనవాళ్లు బయట కూర్చునే ఆటలు ఎక్కువ ఆడించకండి. ముందు ఔటయ్యేది మెల్లగా పరిగెత్తే పిల్లే. పరుగు ఎక్కువ అవసరమైనదీ ఆమెకే. ఆమె పదిహేను నిమిషాల ఆటలో పదమూడు నిమిషాలు కూర్చుంటే మనం నేర్పిందేముంది? ఔటైతే పది తాళ్లు ఎగిరి మళ్లీ ఆటలోకి రావచ్చని నియమం పెట్టండి. ఏడు పెంకులాటలో బంతి తగిలినవాళ్లు అవతలి జట్టులోకి మారిపోవచ్చు. ఖోఖోకి ఒక్క కోర్టు కాకుండా ముగ్గుపిండితో పక్కపక్కనే రెండు చిన్నవి గీయండి. ఎనిమిది మంది కూర్చుని ఒక్కరు తరిమే ఆట కాబట్టి ఖో త్వరత్వరగా ఇచ్చేలా నియమం మార్చండి: పది అడుగుల్లోపు ఖో ఇవ్వాలి. వాలీబాల్‌కి నెట్ కిందికి దించి, ఒక బౌన్స్ ఒప్పుకుంటే అందరి చేతికీ బంతి అందుతుంది.

నెమ్మదిగా అర్థం చేసుకునే పిల్లల చేతికి స్కోరు పుస్తకం ఇచ్చి పక్కన కూర్చోబెట్టడం మన బళ్లలో మామూలైపోయింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి మేధోపరమైన వైకల్యంతోనే 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆమెలాంటి పిల్లని పక్కన కూర్చోబెట్టి ఉంటే ఆ కాళ్లలో ఏముందో ఎవరికి తెలిసేది? చిన్నప్పుడు వీధిలో అరటిపండుగా ఆడటం కాసేపు బాగానే ఉంటుంది. బడిలో ఐదేళ్లు అరటిపండుగా ఉంటే ఆ పిల్ల ఇక ఆట జోలికే పోదు.

ఎండ, దెబ్బలు

మధ్యలో నీళ్లు తప్పనిసరి, దాహం వేసేదాకా ఆగకండి. ఎండలో ఆడుతున్న పిల్ల తడబడుతూ మాట్లాడినా, తికమకపడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. వెంటనే నీడకి తెచ్చి ఒంటి మీద నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయించండి. స్పృహ సరిగా లేని పిల్లకి నోట్లో నీళ్లు పోయకూడదు. కాలు మెలిక పడితే ఎవరూ మర్దన చేయకుండా చూడండి. ఐస్ గుడ్డలో చుట్టి పెట్టి, కాలు ఎత్తి ఉంచి, ఇంటికి కబురు చేయండి.

ఫిట్‌నెస్ పరీక్షలు ఉన్న రోజు

ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో చిన్న తరగతులకు బీఎంఐ (ఎత్తు, బరువుల లెక్క), ఒంటికాలి మీద నిలబడే ఫ్లెమింగో, చేత్తో ప్లేట్లు తట్టే ప్లేట్ ట్యాపింగ్ ఉంటాయి. పెద్దవాళ్లకు బీఎంఐతో పాటు 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని కాళ్లు చాపి ముందుకి వంగే సిట్ అండ్ రీచ్, పడుకుని భుజాలు కాస్త పైకి లేపే పార్షియల్ కర్ల్ అప్, పుషప్స్ ఉంటాయి. 200 మీటర్ల ట్రాక్ ఉంటే 600 అంటే మూడు రౌండ్లు. నడిచినా పూర్తి చేసినట్టేనని ముందే చెప్పండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. బరువు మాత్రం గదిలో, ఒక్కొక్కరినే పిలిచి చూడండి. అంకె గట్టిగా చదవకండి. ఒక్కసారి "అరవై ఎనిమిది" అని పైకి చదివితే ఆ అంకే ఆ పిల్లకి పేరైపోతుంది.

చివరి ఐదు నిమిషాలు

మెల్లని నడక, తర్వాత కూర్చుని కాళ్లు చాపి వేళ్లు అందుకోవడం, పిక్కలు, తొడలు సాగదీయడం. ఒక్కో భంగిమ 20 సెకన్లు. ఊపిరి మామూలయ్యాక చేతులు కడుక్కుని, నీళ్లు తాగి క్లాసుకి. బంతులు, తాళ్లు లెక్కపెట్టి లోపల పెట్టే పని వారానికో జట్టుది.

పిల్లలు వెళ్లాక నేను జేబులోంచి చిన్న నోటుబుక్ తీసి రెండు పేర్లు రాసుకుంటాను. ఆ రోజు సరిగా కదలని ఇద్దరివి. పేరు పక్కన, తెలిస్తే, కారణం: "చెప్పు తెగింది", "స్నేహితురాలు రాలేదు", "బంతి అంటే భయం". తర్వాతి పీరియడ్‌లో మొదటి బంతి ఆ ఇద్దరిలో ఒకరి చేతికి వెళుతుంది, రెండో వాళ్లకి విజిల్ ఇస్తాను.