వానలు మొదలవకముందే ఫోన్ లైను సంగతి చూసేసుకోండి

చెన్నైలో అక్టోబర్ వచ్చిందంటే ఈశాన్య రుతుపవనాల వానలే, డిసెంబర్ దాకా వదలవు, కాబట్టి ఇంకా పాత రాగి లైను మీదే నెట్, ఫోను రెండూ నడుపుతున్నవాళ్ళు ఇప్పుడే ఒక గంట కూర్చుని వైరింగ్ సరిచేసుకోండి.

ఒకే లైను మీద వచ్చే ఫోన్‌ని, నెట్‌ని విడదీసే చిన్న డబ్బా స్ప్లిటర్. షాపులో స్ప్లిటర్ ఇవ్వండి అంటే ఒక జాక్‌ని రెండు జాక్‌లు చేసే చిన్న ముక్క చేతిలో పెట్టేస్తారు, అది తీసుకోవద్దు, అందులో ఫిల్టర్ ఉండదు, ఉత్త వైరే. అసలుదాని మీద లైన్, ఫోన్, మోడెమ్ అని మూడు పోర్టులుంటాయి. మన మాటలు నడిచేది 4 కిలోహెర్ట్జ్ లోపే, ఏడీఎస్ఎల్, అంటే ఈ రాగి లైను మీద వచ్చే నెట్, నడిచేది దాదాపు 25 కిలోహెర్ట్జ్ నుంచి 1.1 మెగాహెర్ట్జ్ దాకా, ఈ రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకోకుండా చూసేది ఆ ఫిల్టరే.

పెరంబూరులో మా పిన్నివాళ్ళింట్లో ఫోన్ మోగితే చాలు నెట్ పోయేది. మోడెమ్ కూడా మార్చారు పాపం, తీరా నేను వైరు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి చూస్తే హాల్లో స్ప్లిటర్ బానే ఉంది గానీ బెడ్రూమ్ ఫోనుకి ఎప్పుడో లాగిన ప్యారలల్ వైరు రోజెట్ బాక్స్ (బయటి లైను ఇంట్లోకొచ్చి చేరే గోడ డబ్బా) నుంచే, అంటే స్ప్లిటర్‌కి ముందునుంచే పోతోంది. ఒక్క ఫోను ఫిల్టర్ లేకుండా ఉన్నా మొత్తం లైను పాడే.

అందుకే బయటి వైరు ముందు స్ప్లిటర్‌లోకి రావాలి, ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా, కాలర్ ఐడీ, ఫ్యాక్స్ ఏదున్నా ఫోన్ పోర్టు తర్వాతే. అలా లాగడం కుదరకపోతే ప్రతి ఫోనుకీ ఒక్కో మైక్రోఫిల్టర్ (ఒక్క ఫోనుకి తగిలించే చిన్న ఫిల్టర్) పెట్టండి, మోడెమ్‌కి మాత్రం పెట్టొద్దు.

వైర్లు ముట్టుకునేముందు బయటి లైను ఊడదీయండి. మామూలుగా 48 వోల్టులే కానీ రింగ్ వచ్చినప్పుడు 75, 90 దాకా వెళ్తుంది, తడి చేతికి గట్టిగానే కొడుతుంది. చేత్తో మెలేసి టేపు చుట్టిన జాయింట్లుంటే తీసేసి నీళ్ళు దిగకుండా లోపల జెల్లీ నింపిన జెల్లీ కనెక్టర్లు వేయించండి, టేపు సందుల్లోకి నీళ్ళు దిగి రాగి చిలుము పడుతుంది. కిటికీలోంచి వచ్చే వైరుని లోపలికొచ్చేముందు కొంచెం కిందికి వంచి పెట్టండి, నీళ్ళు అక్కడే కారిపోతాయి, బాక్స్‌లోకి రావు. పిడుగులప్పుడు కరెంటు ప్లగ్ ఒక్కటే పీకితే చాలదండీ, ఫోన్ లైను కూడా మోడెమ్ నుంచి పీకేయాలి, చాలామంది ఇదే మర్చిపోతారు.

అన్నీ అయ్యాక రోజెట్‌కి ఒక్క ఫోనే తగిలించి, ఏదో ఒక అంకె నొక్కి డయల్ టోన్ ఆగాక వినండి. ఫోను మంచిదై ఉండి కూడా గరగర వస్తే తప్పు చాలావరకు ఇంట్లోది కాదు, బయటి లైనుది, అప్పుడే కంప్లైంట్ ఇచ్చేయండి, వానలు పడ్డాక లైన్‌మన్ దొరకడు.