ఒథెల్లో పతనంలో జాతి వివక్ష: వ్యాసం ఎలా రాయాలి?

డిగ్రీ ఇంగ్లిష్ పేపర్లు దిద్దేటప్పుడు ఏటా కనబడే వాక్యం ఒకటే: "ఒథెల్లో అసూయ వల్ల నాశనమయ్యాడు." ఆ అసూయకు దారి ఎవరు వేశారో రాసేవాళ్లు అరుదు.

కావలసినవి షేక్‌స్పియర్ మూల నాటకం 'ఒథెల్లో', ఒక పెన్సిలు. గైడు వద్దు. సినిమా ముందే చూడొద్దు.

మొదటి రంగం చదవండి. వెనిస్ రాజ్యానికి సేనాని అయిన నల్లవాడు ఒథెల్లో. అతని పేరు ఎవరూ పలకరు. "మూర్" (ఉత్తర ఆఫ్రికావాడు), "మందపాటి పెదవులవాడు", "నల్ల పొట్టేలు" అంటారంతే. వాటి కింద గీత గీయండి. తర్వాత డెస్డిమోనా తండ్రి బ్రబాన్షియో. ఇంటికి పిలిచి అతని కథలు విన్న పెద్దమనిషే, కూతురు ఒథెల్లోను పెళ్లాడిందనగానే మంత్రాలు, మందులు పెట్టాడంటాడు. సైప్రస్‌ను టర్కుల నుంచి కాపాడటానికి వెనిస్‌కు ఒథెల్లో కావాలి, ఈ మామకు అల్లుడిగా మాత్రం వద్దు.

ఇక మూడో అంకం, మూడో రంగం. తొందరపడకండి, వ్యాసాలు చెడేది ఇక్కడే. "ప్రకృతి దారి తప్పితే" అనే మాట మొదలుపెట్టేది ఒథెల్లోనే. డెస్డిమోనాపై అతనికి అనుమానం రేపుతున్న కింది అధికారి ఇయాగో దాన్ని వెంటనే అందుకుంటాడు: డెస్డిమోనా తన దేశం, తన రంగు, తన హోదా ఉన్న సంబంధాలను కాదనుకుంది కదా, అది సహజమా అని. కాసేపటికి ఒథెల్లో తనలో తాను, "నేను నల్లవాణ్ణి కాబట్టేమో" అనుకుంటాడు. వయసును, నాగరికపు మాటతీరు లేకపోవడాన్ని కూడా లెక్కేసుకుంటాడు. ఆమె ద్రోహానికి రుజువుగా ఇయాగో వాడుకునే చేతిరుమాలు జారిపడేది దీని తర్వాతే. రుజువు రాకముందే ఊరివాళ్ల చిన్నచూపు అతని మనసులోకి దిగిపోయింది. ఈ వరుస తారుమారు చేస్తే మీ వాదన నిలవదు.

ఇంకో జాగ్రత్త. "మూర్ కాబట్టి ఆవేశం ఎక్కువ" అని రాశారా, ఇయాగో మాటే మీరూ అన్నట్టు. డెస్డిమోనా చెప్పేది దానికి ఎదురు: పుట్టినచోటి సూర్యుడే అతనిలోని అసూయను పీల్చేశాడని. అలాగని డెస్డిమోనా హత్యను వివక్ష ఖాతాలో వేసి అతన్ని వదిలేయొద్దు. చంపింది అతని చేతులే.

కొందరు అరిస్టాటిల్ విషాదనాటక సిద్ధాంతంతో మొదలుపెట్టి మొదటి పేజీ వృథా చేస్తారు. నా దగ్గర చదివేవాళ్లను నాటకంలోని మాటతోనే మొదలుపెట్టిస్తాను, మార్కులూ దానికే వస్తాయి.

ముగింపుకు చివరి ప్రసంగం తీసుకోండి. అలెప్పో నగరంలో వెనిస్‌ను దూషించిన టర్కును పొడిచానంటూ, అదే తీరులో తనను తాను పొడుచుకుంటాడు. వెనిస్ సైనికుడూ అతనే, వెనిస్ శత్రువూ అతనే. ఆ పోటు దగ్గరే పెన్ను దించండి.