నీళ్లు పడ్డ క్షణం నుంచి లెక్క

మా వార్డులో కొత్తగా చేరిన సిస్టర్ల చేతికి మొదట ప్లాస్టర్ చుట్ట, బాల్‌పెన్ను ఇస్తాను. యాంటీబయోటిక్ వయల్‌లో, అంటే పొడి మందున్న చిన్న గాజు సీసాలో, నీళ్లు పడగానే చిన్న ముక్క చింపి, మందు పేరు, దేనిలో ఎంత కలిపారు, ఎన్ని గంటలకు అన్నది రాసి అంటించాలి. తర్వాత రాస్తానంటే ఒప్పుకోను. వయల్ మీద అచ్చువేసిన గడువు తేదీ పొడికే. నీళ్లు తగిలాక దాన్ని చూసి లాభం లేదు.

పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు, మెరోపెనెం వంటి మందుల బలమంతా బీటా లాక్టమ్ అనే నాలుగు పరమాణువుల వలయంలో ఉంటుంది. ఒత్తిడితో బిగుసుకుని ఉండే ఆ వలయం నీటిలో మెల్లగా విచ్చుకుపోతుంది, వేడి తగిలితే ఇంకా త్వరగా. విచ్చుకున్నాక సూక్ష్మజీవి మీద పనిచేయదు. కలిపిన మందు ఎన్ని గంటలు నిలుస్తుందో చెప్పే, డబ్బాలో మడిచి పెట్టిన కాగితంలో 25 డిగ్రీలంటే 25 డిగ్రీలే. మే నెలలో విజయవాడలో, కరెంటు పోయిన వార్డుకు ఆ లెక్క చెల్లదు.

నాకిది తలకెక్కడానికి ఒక మెరోపెనెం సీసా కారణం. డ్యూటీలో చేరిన తొలి ఏడాది. ఎనిమిది గంటలకు రౌండ్ల హడావిడి ఉంటుందని ఆరింటికే డెక్స్ట్రోజ్‌లో (గ్లూకోజ్ నీళ్లలో) కలిపి కిటికీ పక్కన పెట్టాను. ఫార్మసీ సార్ వచ్చి సీసాను వెలుతురుకు ఎత్తి చూశారు. నీళ్లలా తేటగా ఉంది. "బాగానే ఉంది కదా సార్" అన్నాను. "పాడైనా ఇలాగే ఉంటుందమ్మా" అని డబ్బాలోని కాగితం విప్పి వేలితో చూపించారు: సెలైన్‌లో (ఉప్పు నీళ్లలో) కలిపితే 25 డిగ్రీల దగ్గర ఒక గంట, ఫ్రిజ్‌లో 15 గంటలు. డెక్స్ట్రోజ్ అయితే వెంటనే ఎక్కించాలి. కంపెనీని బట్టి ఈ గంటలు మారతాయి, అందుకే మీ డబ్బాలోని కాగితమే చదవండి.

ఆంపిసిలిన్ మరీ తొందరపెడుతుంది. కలిపాక గంటలోపు వాడాలి, డెక్స్ట్రోజ్ జోలికి పోకూడదు. పసిపిల్లలకు సగం వయల్ ఇచ్చి, మిగతాది రాత్రికి పనికొస్తుందని దాచే అలవాటు చాలా చోట్ల చూశాను. చిక్కగా కలిపి దాస్తే మరీ నష్టం, దాని అణువులు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే నిలుస్తుందనుకోవడమూ పొరపాటే. అమాక్సిసిలిన్-క్లావులనేట్‌ను కలిపిన 20 నిమిషాల్లోపే సెలైన్‌లో వేయాలి. కలిపేటప్పుడు కాసేపు గులాబీ రంగు వస్తే కంగారు పడకండి.

సెఫ్ట్రియాక్సోన్ కొంచెం నిదానస్తురాలు. సెలైన్‌లోనూ డెక్స్ట్రోజ్‌లోనూ నిలుస్తుంది, లేత పసుపు రంగు ఉన్నంత మాత్రాన పాడైనట్టు కాదు. దాని గొడవ రింగర్ లాక్టేట్ అనే ఇంకో ఎక్కించే ద్రవంతో. అందులోని కాల్షియంతో కలిసి స్ఫటికాలు కడుతుంది. కాల్షియం ద్రవాలు ఎక్కుతున్న 28 రోజుల లోపు పసికందుకు సెఫ్ట్రియాక్సోన్ అసలు ఇవ్వకూడదు, వేరే లైనులో (నరంలోకి ఎక్కించే గొట్టంలో) అయినా సరే. పెద్దవాళ్లకైతే ఒకటి పూర్తయ్యాక లైను సెలైన్‌తో కడిగి రెండోది పెట్టండి. అమికాసిన్, జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్‌లను కూడా పెన్సిలిన్ జాతి మందులతో ఒకే సీసాలో వేయకండి.

ఫ్రిజ్‌లో పెట్టాం కదా అని ధీమా వద్దు. కాగితంలో ఉన్న గంటలు మందు బలం గురించి. మన బల్ల మీద కలిపేటప్పుడు లోపలికి దూరిన క్రిమి సంగతి వేరు, కాబట్టి ఏ మందైనా వార్డులో కలిపింది 24 గంటలు దాటనివ్వను. మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ సీసా మాత్రం ఫ్రిజ్‌లోకి పోకూడదు, చల్లదనానికి పలుకులు కడుతుంది.

డ్యూటీ మారేటప్పుడు ట్రేలో టైము రాయని వయల్ కనిపిస్తే ఎవరిదని అడగను. అలాగే పసుపు సంచిలో వేసి, కొత్తది తెప్పిస్తాను.