విడతల నిద్ర కుదరడం లేదా? టైమింగ్ మార్చే ముందు క్యాబ్‌లో తీసిన కునుకు లెక్కేయండి

నేను తొమ్మిదేళ్లుగా నైట్ షిఫ్ట్‌లో ఉన్నాను. సాయంత్రం 6.30కి లాగిన్, తెల్లవారుజామున 3.30కి లాగౌట్. పొద్దున పదిన్నర దాటాక మా ఇంట్లో పడుకోవడం కుదరదు, కాబట్టి ఏడు గంటలు ఏకబిగిన నిద్రపోవడం అయ్యే పని కాదు. అందుకే నిద్రను రెండు ముక్కలు చేసుకున్నాను. ఉదయం 5.00 నుంచి 10.30 దాకా పెద్ద నిద్ర, మధ్యాహ్నం 2.45 నుంచి 4.15 దాకా చిన్న నిద్ర. టీములోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఈ పద్ధతి అలవాటు చేయించే పని కూడా నాదే అయింది. ఎవరు వచ్చినా ఇంచుమించు అవే నాలుగైదు సమస్యలు చెబుతారు. అవీ, వాటి మందూ ఇక్కడ రాస్తున్నాను.

కిటికీకి మందపాటి కర్టెన్, ఫోన్ సైలెంట్, నిద్ర వేళలో తలుపు కొట్టవద్దని ఇంట్లో చెప్పడం లాంటివి మీరు చేసేశారనే అనుకుంటున్నాను.

అన్నిటికన్నా ముందు ఈ ఒక్క లెక్క

"అన్నా, నెల రోజులైంది, ఇంకా సెట్ కావట్లేదు" అని వచ్చినవాళ్లను నేను మొదట అడిగేది ఒక్కటే. 24 గంటల్లో మొత్తం ఎంత పడుకుంటున్నావు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. కాగితం మీద రాయిస్తే నాలుగున్నర గంటలో, అయిదో తేలుతుంది. అక్కడ తప్పు షెడ్యూల్‌ది కాదు, నిద్రే చాలడం లేదు.

దీనికి కారణం నెట్‌లో తిరిగే పట్టికలు. ఉబర్‌మ్యాన్ అనే పద్ధతిలో నాలుగు గంటలకొకసారి 20 నిమిషాల కునుకు, రోజుకు ఆరుసార్లు. అన్నీ కలిపితే రెండు గంటలు. ఎవ్రీమ్యాన్‌లో మూడు, మూడున్నర గంటల పెద్ద నిద్ర, దానికి మూడు 20 నిమిషాల కునుకులు. అదీ నాలుగున్నర దాటదు. కొన్నాళ్లకు ఒళ్లు అలవాటు పడుతుందని చెబుతారు. నిజానికి అలవాటు పడేది నిద్రమత్తుకు. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు పద్నాలుగు రోజుల పాటు కొందరిని నాలుగు గంటలు, కొందరిని ఆరు, ఇంకొందరిని ఎనిమిది గంటలు పడుకోనిచ్చి రోజూ పరీక్షలు పెట్టారు. ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకున్నవాళ్ల చురుకుదనం రోజురోజుకూ పడిపోయి, ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేనివాళ్ల స్థాయికి వచ్చింది. వాళ్లకు మాత్రం ఆ సంగతి పెద్దగా తెలియలేదు. మొదటి కొన్ని రోజుల తర్వాత, తాము ఫర్వాలేదనే అనుకున్నారు. ఈ షెడ్యూళ్లను ప్రత్యేకంగా పరిశీలించిన అమెరికా నేషనల్ స్లీప్ ఫౌండేషన్ నిపుణుల బృందం కూడా 2021లో, వీటివల్ల లాభం కనిపించలేదనీ నష్టమే ఉందనీ తేల్చింది.

కాబట్టి ముక్కలు ఎన్ని చేసుకున్నా మొత్తం ఏడు గంటలకు తగ్గకూడదు. నిద్రను చీల్చవచ్చు, కోయకూడదు. మీ లెక్క ఏడు కన్నా తక్కువ వస్తే ఇక కింద ఉన్నదేదీ చదవనక్కర్లేదు. ముందు ఆ గంటలు పూడ్చండి.

మధ్యాహ్నం పడుకుంటే కన్ను అంటుకోవడం లేదు

వేళ తప్పి పడుకుంటున్నారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు ఒంట్లో సహజంగా ఒక మగత వస్తుంది. అన్నం తినకపోయినా వస్తుంది. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లలో చాలామందికి ఒంటి గడియారం పూర్తిగా తిరగబడదు కాబట్టి మనకూ ఆ వేళ పనికొస్తుంది. అది దాటి సాయంత్రం ఆరింటికో ఏడింటికో పడుకుంటే, ఆ సమయంలో ఒళ్లు మెలకువను గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఎంత అలసిపోయి ఉన్నా దొర్లడమే మిగులుతుంది. చిన్న నిద్రను మధ్యాహ్నం మూడు లోపే మొదలుపెట్టండి.

రెండో కారణం టీ, కాఫీల్లోని కెఫీన్. ఇది పెద్ద నిద్రనూ చెడగొడుతుంది. అందులో సగం కరగడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. రాత్రి 1.30 బ్రేక్‌లో తాగిన కాఫీ మీరు అయిదింటికి పడుకునేసరికి ఇంకా పని చేస్తూనే ఉంటుంది. చివరి కప్పు రాత్రి 11 గంటలకే అయిపోవాలి.

అలారం మోగి లేస్తే తలమీద బండ పెట్టినట్టుంది

ఎంతసేపు పడుకున్నారు? నలభై అయిదు నిమిషాలో, గంటో అయి ఉంటుంది. అప్పటికి గాఢనిద్రలోకి దిగి ఉంటారు. అందులోంచి లేపితే ఆ మత్తు అరగంట దాకా వదలదు. 20 నిమిషాలకే లేవండి, లేదంటే ఒక పూర్తి చక్రం, అంటే సుమారు 90 నిమిషాలు పడుకోండి. మధ్యలో వద్దు. లేచాక మొహం కడుక్కుని వెలుతురులోకి వెళ్లండి. పది పదిహేను నిమిషాలు బండి తాళం ముట్టుకోకండి.

వేళలన్నీ సరిగ్గానే ఉన్నాయి, మొత్తం ఏడు గంటలు పడకమీదే ఉంటున్నాను, అయినా పెద్ద నిద్ర రెండు మూడు గంటలకే తెగిపోతోంది

ఈ సమస్య నన్ను చాలా ఏడిపించింది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మూడో ఏడాది అనుకుంటాను, నా పెద్ద నిద్ర ఉన్నట్టుండి చెడిపోయింది. అయిదింటికి పడుకుంటే అరగంట దొర్లడం, ఎలాగో పడితే ఏడున్నరకల్లా కళ్లు తెరుచుకోవడం, ఇక పట్టకపోవడం. కర్టెన్లు మార్చాను. కాఫీ పూర్తిగా మానేశాను. రాత్రి భోజనం వేళ జరిపాను. మంచం కూడా ఉత్తరం గోడ నుంచి ఇవతలికి జరిపాను. చిన్న నిద్ర తగ్గిస్తే పెద్ద నిద్ర పెరుగుతుందేమోనని అది ఇరవై నిమిషాలు చేశాను. దాంతో ఇంకా పాడైంది. రెండు నెలలు అలాగే గడిచాయి. ఆ రోజుల్లో ఇంట్లో అందరిమీదా విసుక్కున్నాను. మా అమ్మాయి నా గది ముందు నుంచి వేళ్లమీద నడిచి వెళ్లేది.

కారణం చెప్పింది క్యాబ్ డ్రైవరు. ఒకరోజు ఇంటిముందు బండి ఆపి నా భుజం తట్టి, "సార్, రోజూ ఔటర్ ఎక్కంగనే పడుకుంటరు. లేపాలంటే బాధైతది" అన్నాడు. నేను నమ్మలేదు. కళ్లు మూసుకుని పాటలు వింటున్నాననే అనుకునేవాణ్ణి. ఆ రాత్రి ఇంట్లోకి వెళ్లి ఫోన్ తీసి చూస్తే పాటల జాబితాలో పదో పాట నడుస్తోంది. నాకు గుర్తున్నది రెండో పాట దాకానే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి ఎల్‌బీ నగర్ పక్కన మా ఇంటిదాకా ముప్పావు గంట ప్రయాణం. అందులో ముప్పై, ముప్పై అయిదు నిమిషాలు రోజూ నిద్రపోతున్నాను. ఆ ఇల్లు మారిందీ, నా నిద్ర చెడిందీ ఒకే నెలలో. పాత ఇల్లు ఆఫీసుకు పది నిమిషాలే.

అంత చిన్న కునుకు అంత పెద్ద నిద్రను ఎలా పాడుచేస్తుంది? నిద్ర కూడా ఆకలి లాంటిదే. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది, దానితోపాటు నిద్ర ఆకలి పెరుగుతుంది. ఈ ఆకలీ, ఒంటి గడియారమూ రెండూ కలిస్తేనే నిద్ర నడుస్తుందని 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ అనే నిద్ర పరిశోధకుడు చెప్పాడు. ఇప్పటికీ నిద్ర శాస్త్రానికి అదే పునాది. భోజనానికి అరగంట ముందు నాలుగు పునుగులు తింటే ఏమవుతుంది? అన్నం ముందు కూర్చుంటారు గానీ ముద్ద దిగదు. గాఢనిద్ర ఎప్పుడూ పడుకున్న మొదట్లోనే ఎక్కువగా వస్తుంది. తొమ్మిది గంటలు పనిచేసి వచ్చిన ఒళ్లు ఆ మొదటి ముద్దను క్యాబ్ సీటులోనే తినేస్తుంది. ఇంటికొచ్చి పడుకునేసరికి ఆకలి సగం చచ్చిపోయి ఉంటుంది. రాత్రివేళ పడుకునేవాళ్లకైతే ఒంటి గడియారం తోడుండి ఎలాగో నిద్రను లాక్కెళుతుంది. మన విషయంలో అది ఎదురు తిరుగుతుంది. ఏడు దాటాక ఒంట్లో వేడి పెరుగుతూ, లే లే అంటూ ఉంటుంది. దాన్ని తట్టుకుని పదిన్నర దాకా పడుకోబెట్టగలిగేది నిద్ర ఆకలి ఒక్కటే. దాన్నేమో దారిలోనే ఖర్చు పెట్టేశాం.

పడుకున్నవాడికి తెలియకపోవడమే ఇందులో ఉన్న మోసం. మాగన్ను నిద్ర నుంచి లేచిన మనిషి, నేను అసలు పడుకోలేదనే చెబుతాడు, నిజంగానే అలా నమ్ముతాడు. నేను అడిగినవాళ్లలో మొదటిసారే ఒప్పుకున్నది దాదాపు ఎవరూ లేరు.

కనుక మిమ్మల్ని మీరు అడగకండి. పక్కవాళ్లను అడగండి. అయిదు రోజులు వరుసగా డ్రైవరును, పక్క సీటు వాళ్లను, భార్యనో భర్తనో, రూమ్‌మేట్‌నో అడిగి రాసుకోండి. ఒంటరిగా ఉంటే పాటలో, ప్రసంగమో పెట్టుకుని, ఎక్కడిదాకా గుర్తుందో, ఎక్కడిదాకా నడిచిందో చూడండి. ఆ తేడానే మీ నిద్ర.

క్యాబ్ ఒక్కటే కాదు. మా టీములో ఒకమ్మాయికి కారణం రెండేళ్ల కొడుకు. సెలవు రోజుల్లో రాత్రి వాణ్ణి జోకొడుతూ తొమ్మిదింటికి తానూ పక్కనే నిద్రపోయేది. పదిన్నరకు లేచి గిన్నెలు కడుక్కుని, పన్నెండింటికి తన మంచం మీద పడుకుంటే నిద్ర రాదు. "నేను వాడి పక్కన నడుం వాల్చానంతే" అనేది. వాళ్లాయన చెబితే గంటన్నర అని తేలింది. రంజాన్ నెలలో పాతబస్తీ నుంచి వచ్చే మిత్రులకు నిద్ర ఎలాగూ రెండు ముక్కలవుతుంది, తెల్లవారుజామున తినే సహర్‌కు ముందొకటి, ఫజర్ నమాజ్ తర్వాత ఒకటి. వాళ్లలో ఇబ్బంది పడేవాళ్లను అడిగితే ఇఫ్తార్ అయ్యాక, రాత్రి తరావీహ్ నమాజ్‌కు ముందు గోడకు ఆనుకుని పోయిన కునుకు బయటపడుతుంది. టీవీ ముందు సోఫా, సెలూన్ కుర్చీ, దీపాలు తగ్గించిన మీటింగ్ గది, అన్నీ అనుమానించాల్సినవే.

దొరికాక ఏం చేయాలి? రెండు దారులున్నాయి. రెండూ నేను వాడినవే.

మొదటిది, ఆ కునుకును ఆపడం. క్యాబ్‌లో వెనక సీటు వదిలి ముందు సీటులో నిటారుగా కూర్చున్నాను. డ్రైవరుతో మాట్లాడుతూ వచ్చాను. ఆ వేళలో అతనికీ నిద్ర వస్తుంది కాబట్టి ఆ మాటలు ఇద్దరికీ మంచివే. ఏసీ తగ్గించి అద్దం కొంచెం దించాను. నాలుగో రోజుకు పెద్ద నిద్ర తొమ్మిదిన్నర దాకా వచ్చింది. రెండో వారంలో 10.30 అలారమే నన్ను లేపాల్సి వచ్చింది. పిల్లాణ్ణి పడుకోబెట్టే అమ్మాయికి చెప్పింది కూడా ఇదే. పక్కన పడుకోకుండా కూర్చుని జోకొట్టమన్నాను.

రెండోది, ఆపలేకపోతే దాన్ని లెక్కలో చేర్చడం. ప్రయాణం గంటన్నర ఉండి, ఏం చేసినా కళ్లు మూతపడేవాళ్లు ఉంటారు. వాళ్లు దాన్ని ఒక నిద్రగా ఒప్పుకుని మెడ దిండు పెట్టుకుని సరిగ్గా పడుకోవాలి. ఇంటికి రాగానే మంచమెక్కకుండా పెద్ద నిద్రను గంట, గంటన్నర ఆలస్యంగా మొదలుపెట్టాలి. ఎండ రాకముందే గదిని చీకటి చేయాలి. లేచే వేళ కూడా అంతే జరగాలి. జరపడానికి వీల్లేని ఇల్లయితే మొదటి దారే మిగులుతుంది.

చిన్న నిద్రను తగ్గించడం మాత్రం చేయకండి. నేను చేసిన తప్పు అదే. మొత్తం గంటలు తగ్గి మరుసటి రాత్రి క్యాబ్‌లో ఇంకా ముందే కళ్లు మూతపడ్డాయి. అలా అది ముదురుతూనే పోతుంది.

వారమంతా బాగానే ఉండి సోమవారం కూలిపోతోంది

శని, ఆదివారాలు మామూలు మనుషుల్లా రాత్రి పడుకుంటున్నారు. పెళ్లిళ్లు, చుట్టాలు, తప్పదు. కానీ రెండు ముక్కల్లో ఒక ముక్కలోనైనా నాలుగు గంటలు ఏడు రోజులూ ఒకే వేళకు పడుకోండి. దీన్ని యాంకర్ స్లీప్ అంటారు. నేను సెలవు రోజు కూడా అయిదు నుంచి తొమ్మిది దాకా పడుకుంటాను, మిగిలింది ఎటు జరిగినా పట్టించుకోను.

నైట్ షిఫ్ట్ కాదు, మామూలుగానే పడుకుంటాను, కానీ రాత్రి మధ్యలో గంటసేపు మెలకువ వస్తోంది

తొమ్మిదింటికే పడుకుని ఆరింటిదాకా మంచంమీద ఉంటే అలా రావచ్చు. అమెరికాలో థామస్ వేర్ అనే పరిశోధకుడు 1990ల మొదట్లో కొందరిని రోజుకు పద్నాలుగు గంటలు చీకట్లో ఉంచితే, కొన్ని వారాలకు వాళ్ల నిద్ర రెండుగా విడిపోయి మధ్యలో ప్రశాంతమైన మెలకువ వచ్చింది. మొత్తం ఏడు గంటలు వస్తూ, పగలు హుషారుగా ఉంటే దాన్ని వదిలేయండి. గడియారం చూసి టెన్షన్ పడితేనే అది రోగంగా మారుతుంది.

ఇంకేమైనా కారణాలుంటాయా

థైరాయిడ్, రక్తహీనత, కొన్ని మాత్రలు కూడా కారణం కావచ్చు. పైవన్నీ సరిచూశాక కూడా తగ్గకపోతే డాక్టరును కలవండి. మొదటి రెండూ రక్తపరీక్షతో తేలతాయి, మాత్రల సంగతి మాత్రం డాక్టరునే అడగాలి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే మాత్రం షెడ్యూళ్లతో ఆడుకోవద్దు, నేరుగా డాక్టరు దగ్గరకు వెళ్లండి.

లెక్క సరిచేశాక మూడు వారాలు ఇవ్వండి. ఈలోగా సిగ్నల్ దగ్గర ఒక్కసారైనా కళ్లు మూతపడితే బండి పక్కకు ఆపి, తాళం జేబులో వేసుకుని, ఇంటికి ఫోన్ చేసి ఎవరినైనా రమ్మనండి. మర్నాటి నుంచి ఆఫీసు క్యాబ్ అడగండి. సొంత బండి మీద వచ్చేవాళ్లకు మా టీములో నేను మొదటి మూడు వారాలూ క్యాబే రాయిస్తాను, వద్దన్నా వినను.